నూరేళ్ళ భవనం చేతికొచ్చింది, కళలకీ ఊరి చరిత్రకీ కలిపి కేంద్రం పెట్టాలి: ముందు ఏం చెయ్యాలి?

మిద్దెగది (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నానే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మేము పదకొండు మందిమి. బొమ్మలు వేసేవాళ్ళు ముగ్గురు, నాటకాల వాళ్ళు ఇద్దరు, రిటైరైన హిస్టరీ మాస్టారు ఒకరు, మిగతావాళ్ళం ఏదో ఒక పిచ్చి ఉన్నవాళ్ళం. ఊరి నడిబొడ్డున నూరేళ్ళు దాటిన రెండంతస్తుల భవనం ఒకటి పదిహేనేళ్ళుగా తాళం వేసి ఉంది. ఇటుక గోడలు, సున్నం పూత, పై అంతస్తుకి చెక్క దూలాలు. కింద ఒకప్పుడు కొట్లు ఉండేవి. పైన ఒక పెద్ద హాలు, నాలుగు గదులు. యజమానులు లీజుకి ఇస్తామన్నారు.

అనుకుంటున్నది ఇదీ. కింద బొమ్మల ప్రదర్శన, పిల్లల క్లాసులు. పై హాల్లో నాటకాలు, పాటలు. పైనే ఒక గదిలో ఊరి పాత ఫొటోలు, పుస్తకాలు, సామాన్లు.

పేచీ ఎక్కడొచ్చిందంటే, సగం మంది "ముందు రంగులు కొట్టించి తెరిచేద్దాం, జనం వస్తే మిగతావి అవే వస్తాయి" అంటున్నారు. మిగతా సగం "ముందు సామాను సేకరిద్దాం, చూపించడానికి ఏమీ లేకపోతే ఎవరొస్తారు" అంటున్నారు. నిన్నటి మీటింగులో ఒకాయన తలుపు ధడేల్మని వేసి వెళ్ళిపోయాడు.

ఉత్తరం గోడకి మోకాలి ఎత్తు వరకూ చెమ్మ ఉంది. ఎవరో ఎప్పుడో అక్కడ సిమెంటు పూసినట్టున్నారు, పెచ్చులుగా ఊడుతోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డంగుసున్నం

రంగు డబ్బా మూత తియ్యకండి. ముందు అది.

కారణం కూడా చెబుతాను. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుందని మేస్త్రీలు అంటారు. ఉత్తమాట కాదు. నేలలోంచి, వానలోంచి ఎక్కిన తడి సున్నం పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి పాకుతుంది, లేదా ఇటుకలోనే నిలిచిపోతుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు లోపల పేరుకుని, గడ్డకట్టి, ఇటుకను లోపల్నుంచి పగలగొడుతుంది. బయట సిమెంటు గట్టిగానే కనిపిస్తుంది, వెనక ఇటుక పిండైపోతూ ఉంటుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు చేసేదీ దాదాపు అదే. మీ గోడకి ఆ సిమెంటు మందనుకుని పూసి ఉంటారు, జబ్బులో సగం అదే అయ్యుంటుంది.

ముందు బయటికెళ్ళి చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా బయటి నేల పెరిగి లోపలి నేల కంటే ఎత్తయిందా? పైకప్పు నీళ్ళు దిగే గొట్టం ఆ మూల పగిలిందా, ఆకులతో పూడుకుపోయిందా? నేను చూసిన చెమ్మ గోడల్లో చాలావాటికి ఈ రెంటిలో ఒకటే కారణం. అది సరిచేసి, సిమెంటు జాగ్రత్తగా తీసేసి, గోడను ఆరనివ్వండి. నెలలు పడుతుంది. తర్వాత సున్నంతోనే పూత. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. వారంలో పని తేల్చేస్తానన్న మేస్త్రీకి మాత్రం ఇవ్వకండి.

ఇంకోటి. ఇటుక బయటపెడితే అందంగా ఉంటుంది, ఇసుక కొట్టి శుభ్రం చేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. బట్టీలో బాగా కాలిన పైపొరే ఇటుకకి కవచం. ఇసుక కొడితే ముందు పోయేది అదే.

ఊరికే_చదివేవాణ్ణి

మా ఇంటి పాత గోడకి ఎమల్షన్ వేయించినప్పుడు ఈ ముక్క చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు అది ఉబ్బి అప్పడంలా ఉంది.

మూడోవరుస

ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతున్నానని అనుకోకండి. ఇలాంటి కేంద్రం ఒకదానికి మా తాతగారి ఫొటోలు పద్నాలుగు ఇచ్చాను. తెరిచిన రోజు కాలు పెట్టడానికి చోటు లేదు, ఉపన్యాసాలే ఉపన్యాసాలు. ఫొటోలు తీసుకున్నందుకు ఒక కాగితం ముక్క రాసివ్వలేదు, అడగడానికి నాకూ మొహమాటమేసింది. రెండేళ్ళకి తాళం పడింది. ఇప్పుడు ఆ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే నాథుడు లేడు. ఒకాయన మాత్రం "అట్టపెట్టెలో ఉండాలండీ" అన్నాడు. ఏ అట్టపెట్టె? ఎక్కడి అట్టపెట్టె?

"సామాను సేకరిద్దాం" అంటున్న సగం మందికి ఇది చూపించండి.

పాతకాగితం

మూడోవరుస గారూ, చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. పాత కాగితాల మధ్య ఉద్యోగం చేసినదాన్ని, ఇలాంటివి చాలా విన్నాను. మోసం ఉండదు వీటిలో, నిర్లక్ష్యమే ఉంటుంది. పోయిన ఫొటోకి మాత్రం రెండూ ఒకటే.

మిద్దెగది గారూ, నా మాట వింటే మొదటి ఏడాది ఒక్క వస్తువు కూడా తీసుకోకండి. ఫొటోలు తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళముందే స్కాన్ చేసి, అప్పటికప్పుడు తిరిగిచ్చేయండి. అరచేతిలో పట్టే ఫొటో అయితే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల వివరం), దాచుకోవడానికి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు, పంచుకోవడానికి చిన్నదైన జేపెగ్ ఫైలు. ఫొటోలో ఉన్నది ఎవరు, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు అన్నది ఆ మనిషి ఎదురుగా ఉండగానే రాసుకోవాలి. ఆయన గడప దాటాక ఇక ఆ పేర్లు మీకు దొరకవు. కాపీలు మూడు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట.

ఎప్పటికైనా వస్తువులు తీసుకుంటే ముందు దానపత్రం ఒకటి తయారు చేసుకోండి. ఇచ్చినది ఎవరు, ఏమిచ్చారు, శాశ్వతంగానా కొన్నాళ్ళకా, కేంద్రం మూతపడితే అది ఎవరికి చేరాలి. చివరిది అడగడానికి అపశకునంలా ఉంటుంది కానీ అసలు అడగాల్సింది అదే. ప్రతి వస్తువుకీ ఒక నంబరు: వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు. ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో రాయాలి, పెన్ను ముట్టుకోవద్దు. లామినేషన్ చేయించిన ఫొటో ఇక బాగుపడదు. జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా నెమ్మదిగా ఫొటోని తినేస్తాయి.

"శాశ్వతంగా అరువు ఇస్తాం" అనేవాళ్ళుంటారు. ఆ మాటకి అర్థం లేదు. బీరువా మీది, బాధ్యత మీది, వస్తువు మాత్రం వాళ్ళది.

లెక్కలమాస్టారు

నిర్మాణాల లెక్కలు వేసే పనిలో ఉన్నాను. మీ ప్లాను చదివి నాకు టెన్షన్ పట్టుకుంది, పై హాల్లో నాటకాలు అన్నారు కనక.

ఇంట్లో గదికి సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. కుర్చీలు బిగించని సభా హాలుకు 500 కిలోలు. రెండున్నర రెట్లు. జనం గుంపుగా నిలబడతారు, ఒక్కసారిగా లేస్తారు, కాళ్ళతో తాళం వేస్తారు. నూరేళ్ళ చెక్క దూలం దానికి సిద్ధంగా ఉందా అన్నది కంటికి తెలియదు. గోడలోకి దిగిన దూలం కొసలు చూడాలి. మధ్యలో ఇనుములా ఉండి, గోడలో ఉన్న కొస మాత్రం చెమ్మకి మెత్తబడి ఉంటుంది. మీకెలాగూ చెమ్మ గోడ ఉందన్నారు.

పుస్తకాలు కూడా తేలికనుకోకండి. నిండిన బీరువాలు వరసగా పెడితే ఆ గది జనంతో నిండిన హాలుకంటే బరువు. ఇంజినీరుతో పరీక్ష చేయించి, ఎంతమందిని పైకి పంపొచ్చో కాగితం మీద తీసుకోండి. ఆ సంఖ్యను మెట్ల దగ్గర గోడ మీద రాయండి.

తెరవెనుక

రంగు వెయ్యొద్దు, సామాను తీసుకోవద్దు, నాటకం ఆడొద్దు. ఇంక తాళం అలాగే ఉంచుకుంటే పోలా?

కోపం కాదు కానీ ఇలాంటి చర్చల్లో ప్రతిసారీ ఇదే జరుగుతుంది. భవనాన్ని కాపాడేవాళ్ళు వచ్చాక భవనంలోకి మనుషులు రావడం ఆగిపోతుంది. పాత కట్టడాల సంరక్షణ మీద నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టరే చెప్పింది కదా, పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకుంటే దాన్ని నిలబెట్టుకోవడం తేలికవుతుందని.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో అలెగ్జాండ్రియా అని ఒక ఊరుంది. అక్కడ నది ఒడ్డున టార్పెడోల (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధాల) ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టారు. ఎప్పుడు? మొదటి ప్రపంచయుద్ధం ఆగిన మర్నాడు, 1918 నవంబరు 12న. (సర్కారు పని ఎక్కడైనా సర్కారు పనే.) రెండో యుద్ధం కూడా అయ్యాక అది గోడౌనుగా మిగిలింది. 1969లో నగరపాలక సంస్థ కొంది, 1974లో కళాకారులు స్టూడియోలు తెరిచారు. అక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, బొమ్మ పూర్తయ్యాక చూపించడం కాదు, వేస్తుండగా ఎవరైనా లోపలికొచ్చి పక్కన నిలబడి మాట్లాడొచ్చు. అదే భవనంలో ఆ ఊరి పురావస్తు మ్యూజియం కూడా ఉంది. తవ్వకాల్లో దొరికిన పెంకులకీ పక్క గదిలో కుండలు చేసేవాళ్ళకీ మధ్య ఒక గోడే అడ్డం. కళ ఒక వైపు, చరిత్ర ఒక వైపు అని వేరు చెయ్యాల్సిన పని లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

డంగుసున్నం

తెరవెనుక అన్నా, వెనిస్ చార్టర్లో ఆ వాక్యం తర్వాత ఇంకో ముక్క ఉంది. వాడుకోండి, కానీ ఆ వాడకం కోసం కట్టడం అమరికనీ అలంకరణనీ మార్చొద్దు అని. సగం చదివి కోప్పడితే ఎలా!

గోడకి మేకులు కొట్టకుండా కూడా బొమ్మలు వేలాడదీయొచ్చు. పైన ఒక పట్టీ బిగించి దాన్నుంచి తీగలు దించితే చాలు. ఎన్ని ప్రదర్శనలు మారినా గోడకి కొత్త కన్నం పడదు.

తెరవెనుక

సరే సరే, దొరికిపోయాను. పట్టీ ఐడియా మాత్రం బాగుంది.

చక్రాలకుర్చీ

ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు కాబట్టి నేనే అంటున్నాను. మీ ప్లానులో నాటకం పైన, సంగీతం పైన, చరిత్ర పైన. లిఫ్టు గురించి ఏమీ రాయలేదు. అంటే నా వరకూ మీ కేంద్రం అంటే కింద పిల్లల క్లాసులు. నాకు నలభై నాలుగేళ్ళు.

మెట్లకి బదులు వాలు కట్టేటప్పుడు ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. "చిన్న వాలు పెట్టాంలెండి" అని నిలువుగా పలక వేసినవి చూశాను, వాటి మీద ఎక్కడం కన్నా ఎత్తుకుని తీసుకెళ్ళడమే నయం. మీ భవనంలో ఏ ఏ గడపలు దాటాలో ఒకరోజు చక్రాల కుర్చీలో కూర్చుని మీరే తిరిగి చూడండి. మరుగుదొడ్డి తలుపు దాకా వెళ్ళండి, అక్కడ ఆగిపోతారు.

మిద్దెగది

మేడమ్, క్షమించండి. పదకొండు మందిమి నాలుగు నెలలు మాట్లాడుకున్నాం, ఒక్కరికీ తట్టలేదు.

మీ మాట, లెక్కలమాస్టారి మాట కలిపి చూస్తే మా ప్లాను తలకిందులు చెయ్యాలి. నాటకాలు, సభలు కిందకి. కొట్ల మధ్య అడ్డుగోడలు తర్వాత కట్టినవి, చెక్కవి, అవి తీస్తే కిందే హాలు వస్తుంది. బొమ్మలు వేసేవాళ్ళ స్టూడియోలు పైకి, అక్కడ ఒకేసారి పది పన్నెండు మంది కంటే ఉండరు. మరి చరిత్ర గది ఎక్కడ? పైన బరువు, పైకప్పు కారుతుంది. కింద చెమ్మ.

పాతకాగితం

కింద, లోపలి గదిలో, బయటి గోడలకి తగలకుండా, అరలు నేలకి జానెడు పైన. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది కాబట్టి తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకి తగిలించి, రోజూ ఒకే వేళకి అంకె రాయండి. ఆ పుస్తకం ఆరునెలలు నింపాక ఆ గదిలో కాగితం పెట్టొచ్చో లేదో మీకే తెలుస్తుంది.

ప్రదర్శనకి అసలు ఫొటోలు పెట్టనే వద్దు, మంచి ప్రింట్లు పెట్టండి. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మల లాంటివాటికి వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదంటారు. మామూలు ఆఫీసు గదిలో వెలుతురు దానికి ఎన్నో రెట్లుంటుంది. పైగా వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది. రాత్రి దీపం ఆపినంత మాత్రాన పోయిన రంగు తిరిగిరాదు.

లెక్కలమాస్టారు

ఆ చెక్క అడ్డుగోడలు తీసేముందు నన్నో నాలాంటివాళ్ళనో పిలవండి. "తర్వాత కట్టినవి" అన్నవాటి మీదే పైదూలం ఆనుకుని ఉండటం ఎన్నోసార్లు చూశాను. దూలం కాలక్రమంలో కిందికి వంగి దాని మీద కూర్చుంటుంది.

కరెంటు సంగతి కూడా. నాటకాల దీపాలకి వేరే లైను, వేరే బ్రేకరు. పాత వైర్లు మొత్తం తీసేయాల్సిందే, ఇందులో బేరం లేదు. రియో డి జనీరోలో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం ఒకప్పటి రాజభవనంలో ఉండేది. మ్యూజియానికి 200 ఏళ్ళు నిండిన ఏడాదే, 2018 సెప్టెంబరు 2 రాత్రి, తగలబడింది. సుమారు రెండు కోట్ల వస్తువుల్లో చాలా భాగం బూడిద. మంట ఆడిటోరియంలో ఏసీ దగ్గర మొదలైందని దర్యాప్తులో తేలింది. ఫైరింజన్లు వస్తే దగ్గరి హైడ్రెంట్లలో (మంటలార్పడానికి వీధిలో పెట్టే నీటి కుళాయిల్లో) సరిపడా నీళ్ళు లేవు. అంత పెద్ద సంస్థకే అలా అయింది.

మూడోవరుస

మళ్ళీ నేనే. లీజు ఎన్నేళ్ళు? మరమ్మతు ఖర్చు ఎవరిది? యజమానులు మధ్యలో అమ్మేస్తే కొత్తవాళ్ళు లీజును ఒప్పుకుని తీరాలని రాసుకున్నారా? పైకప్పు మీరు బాగుచేశాక "ఇప్పుడు భవనం బాగుంది, ఖాళీ చెయ్యండి" అంటారు. అలా అన్నచోట్లు ఉన్నాయి. మూడేళ్ళ లీజు మీద పైకప్పు వేయించకండి.

మిద్దెగది

ఐదేళ్ళు అన్నారు. అమ్మకం మాట రాసుకోలేదు. ఆగుతున్నాం, లాయరుకి చూపిస్తాం.

గడపమీద

కొత్త సభ్యురాలిని. ఒక ప్రశ్న. "ఊరి చరిత్ర" అంటున్నారు, ఎవరి చరిత్ర? ఇలాంటి గదులు చాలా చూశాను. భవనం కట్టించినాయన పెద్ద పటం, ప్రారంభించినాయన పెద్ద పటం, దండలు. అక్కడ మూటలు మోసినవాళ్ళు, లెక్కలు రాసినవాళ్ళు, పొద్దున్నే వచ్చి ఊడ్చినవాళ్ళు ఎక్కడా కనిపించరు. వాళ్ళ దగ్గర ఫొటోలు ఉండవు, దానపత్రాలు ఉండవు. మాటలుంటాయి.

బ్రెజిల్‌లోని సావో పావ్లోలో ఒక పాత పీపాల ఫ్యాక్టరీని ఇలాంటి కేంద్రంగా మార్చే పని లీనా బో బార్దీ అనే ఆర్కిటెక్టుకి అప్పగించారు. ఆవిడ చూడ్డానికి వెళ్తే ఆ ఖాళీ షెడ్లలో అప్పటికే పిల్లలు ఆడుకుంటున్నారు, కుటుంబాలు సెలవురోజు గడుపుతున్నాయి. ఈ సంతోషం పోకూడదు అనుకుని పాత షెడ్లను కూల్చకుండా ఉంచింది. 1982లో తెరిచారు, ఈ రోజుకీ కిటకిటలాడుతుంది. మీ భవనం తాళం వేసి ఉన్నా దాని అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్ళని అడిగారా?

పాతకాగితం

గడపమీద గారూ, మీరు రావడం మంచిదైంది. నేను కాగితాల మనిషిని కాబట్టి కాగితం దగ్గరే ఆగిపోయాను.

మాటలు రికార్డు చేసేటప్పుడు "అప్పట్లో బాగుండేదా?" అని అడగకండి, అవుననేసి ఊరుకుంటారు. "పొద్దున్న షట్టరు ఎత్తాక మొదట చేసే పని ఏమిటి?" అని అడగండి. గంట చెబుతారు. ముందుగా అనుమతి పత్రం చదివి వినిపించండి, ఏ భాగం బయటపెట్టొద్దన్నా పెట్టొద్దు. రికార్డు చేసిన మాటల్ని కుదించని వేవ్ (ధ్వని) ఫైలుగా దాచండి.

మిద్దెగది (ఐదు వారాల తర్వాత)

అందరికీ ఒక కబురు. ఆలస్యానికి క్షమించాలి.

లీజు పదిహేనేళ్ళకి ఒప్పుకున్నారు. అమ్మితే కొత్త యజమానికీ వర్తిస్తుందని రాశారు, రిజిస్ట్రేషన్ అయింది. మూడోవరుస గారూ, ఇది మీ పుణ్యమే.

ఉత్తరం వైపు గొట్టంలో పిట్టగూడు, దాని కింద ప్లాస్టిక్ సంచులు, ఒక చెప్పు. తీసేశాం. బయటి నేల లోపలి కంటే ఎత్తుగానే ఉంది, గోడ వెంట తవ్వి కంకర నింపుతున్నాం. రెండు దూలాల కొసలు మెత్తబడ్డాయి, కాబట్టి పైకి ఇప్పటికి ఎవరినీ పంపడం లేదు. తలుపు ధడేల్మన్న ఆయన తిరిగొచ్చాడు, చెత్త మోసింది ఎక్కువ ఆయనే.

అసలు సంగతి ఇది. ముందు వైపు సున్నం పొరలు ఎన్ని ఉన్నాయో చూద్దామని అరచేయంత చోట గీరితే నీలం రంగు కనిపించింది. ఇంకొంచెం గీరాం. అక్షరాలు! ఏదో కొట్టు పేరు, సగమే ఉంది. మావాళ్ళు మళ్ళీ రెండు పక్షాలయ్యారు. కొత్త రంగుతో నింపి పూర్తి చేద్దామని కొందరు, అలాగే వదిలేద్దామని కొందరు.

డంగుసున్నం

గీరడం ఆపండి! ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. మిగతా సగం ఏముండేదో ఊహించి రాయడం మన పని కాదు. ఎప్పుడైనా నింపాల్సి వస్తే, పాతదేదో కొత్తదేదో దగ్గరికొచ్చి చూసినవాళ్ళకి తెలిసేలా ఉండాలి.

తెరవెనుక

నేనూ వదిలేయమనే అంటాను. సగం పేరు అయితే ప్రతివాడూ ఆగి మిగతా సగం చెబుతాడు.

మిద్దెగది

అన్నా, నిన్న అదే జరిగింది. ఒక పెద్దాయన అరుగు దగ్గర ఆగి, పైకి చూసి, మొత్తం పేరు చదివేశాడు. చిన్నప్పుడు ఆ కొట్లో లెక్కలు రాసేవాడట. మిగతా అక్షరాలు ఎక్కడున్నాయి అని అడిగితే "రెండోసారి రంగు వేసింది నేనే" అన్నాడు. గురువారం సాయంత్రం వస్తానన్నాడు. కింద గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల వేశాం. రికార్డరు అరువు తెచ్చాం. అనుమతి పత్రం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీశాం. ఇంకేమైనా మర్చిపోయామా?

చక్రాలకుర్చీ

ఆయన మెట్లెక్కగలరో లేదో అడిగారా?

మిద్దెగది

అడిగాం మేడమ్. చేతికర్రతో వస్తారు. వెనక గుమ్మానికి వాలు మొన్ననే పూర్తయింది, అడుగుకి 12 అడుగులు, కొలిచి మరీ కట్టాం. మీరూ వస్తే బాగుంటుంది.

పాతకాగితం

రికార్డు మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపండి.